రెండొందల కటింగ్ బ్లేడులో నిజంగా డైమండ్ ఉంటుందా?

కొత్తిల్లు_కష్టాలు: ఇంట్లో గ్రానైట్ పని నడుస్తోంది, మేస్త్రి నాలుగంగుళాల బ్లేడు తెమ్మంటే షాపులో రెండొందలకి ఇచ్చాడు, కవర్ మీద పెద్దక్షరాలతో డైమండ్ అని ఉంది. అంచు మీద వేలు పెడితే ఎమరీ పేపర్‌లా గరగరమంటోంది తప్ప మెరుపూ లేదు గిరుపూ లేదు. మా ఆవిడ ముక్కుపుడకలో ఆవగింజంత రాయికే వేలు పోశాం, మరి ఇదేంటి, మోసమా?

బొగ్గు_బంగారం: మోసం కాదు బ్రో, ఉంటుంది. గనిలో దొరికేవాటిలో అన్నీ నగకి పనికిరావు, నల్లగా, పగుళ్ళతో ఉండే నాసిరకాన్ని బోర్ట్ అంటారు, దాన్ని పొడికొట్టి సానపట్టడానికి వాడతారు. కాంగోలో ఎంబుజి మాయి వైపు ఎక్కువగా దొరికేది ఈ రకమే. మన మధ్యప్రదేశ్ పన్నా గనిలో కూడా జెమ్, ఆఫ్ కలర్ (రంగు తేడా ఉన్నవి), ఇండస్ట్రియల్ అని విడదీస్తారు. కాకపోతే నీ బ్లేడులోది గనిది కూడా అయ్యుండదు. 1954లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ) కంపెనీ ల్యాబ్‌ వాళ్ళు గ్రాఫైట్‌ని విపరీతమైన వేడి, ఒత్తిడి పెట్టి వజ్రం చేశారు, ఇప్పుడు ఫ్యాక్టరీల్లో పచ్చటి ఇసుకలా తయారవుతోంది, అందుకే ఆ రేటు.

చీమకుర్తి_కటింగ్: అన్నా ఆ రేణువుల్ని లోహప్పొడిలో కలిపి అంచుకి అతికిస్తారు. కోసేకొద్దీ లోహం అరిగి లోపలి రేణువులు బయటికి రావాలి, అప్పుడే తెగుతుంది. అందుకే గ్రానైట్ లాంటి గట్టి రాయికి మెత్తటి లోహం పెడతారు, ఇసుకరాయి లాంటి గరుకుదానికి గట్టిది. తిరకాసుగా ఉంటుంది గానీ అంతే.

కొత్తిల్లు_కష్టాలు: అయ్యో, నిన్న ఒకటి మొద్దుబారిందని పక్కన పడేశాం, చూస్తే అంచు నున్నగా ఉంది!

చీమకుర్తి_కటింగ్: పారేయకండి, లోహం అరగక నున్నబడింది అంతే. సిమెంట్ ఇటుక మీద నాలుగు గాట్లు పెట్టించండి, లోహం అరిగి రేణువులు బయటికొస్తాయి. ఇనప సలాకలు మాత్రం దాంతో కోయనివ్వొద్దు.

బొగ్గు_బంగారం: అవును, వేడెక్కితే వజ్రంలో కార్బన్ ఇనుములోకి పోతుంది, రేణువు తినేసినట్టు అయిపోతుంది.

గుత్తి_కుర్రోడు: అయితే మా ఊళ్ళో బోరు బండి బిట్టుకి ఉండే బుడిపెలు కూడా డైమండేనా? డ్రైవరన్న అదే చెప్పాడే.

చీమకుర్తి_కటింగ్: కోతలు తమ్ముడూ 😀 అవి టంగ్‌స్టన్ కార్బైడ్ అనే గట్టి పదార్థం. బోరు హ్యామర్ దెబ్బ మీద దెబ్బ కొడుతుంది, ఆ దెబ్బలకి వజ్రం చిట్లిపోతుంది. గనుల వాళ్ళు రాయి శాంపిల్‌ని గుండ్రటి కడ్డీలా తీస్తారు చూడు, తిరుగుతూ కోసే ఆ కోర్ బిట్టుకి ఉంటాయి డైమండ్లు.

కొత్తిల్లు_కష్టాలు: ఇటుక కోశాం, నిన్నటి బ్లేడు మళ్ళీ తెగుతోంది. షాపుకెళ్ళి కొత్తది వాపస్ ఇస్తే తీసుకోనన్నాడు 😐