అప్‌డేట్: మా వదిన పదో తరగతి చదువు

ఏడో తరగతితో చదువు ఆగిపోయి, ఇద్దరు పిల్లలతో ఇళ్లలో వంటపని చేస్తున్న మా వదిన మళ్లీ చదువుకోగలదా అని లోగడ అడిగాను. మీలో పలువురు సూచించినట్లే తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో (రోజూ బడికి వెళ్లకుండా ఇంటి దగ్గరే చదువుకుని పరీక్షలు రాసే ప్రభుత్వ విధానం) చేర్పించాము. అక్కడ పదో తరగతికి 14 ఏళ్లు నిండితే చాలు, గరిష్ఠ వయోపరిమితి లేదు. ఉత్తీర్ణత సాధించిన సబ్జెక్టులను మళ్లీ రాయనక్కర్లేదు కనుక, తెలుగు, సాంఘికశాస్త్రం, గృహవిజ్ఞానం ముందుగా పూర్తిచేసి, గణితాన్ని తర్వాతి విడతకు ఉంచుకుంది. భిన్నాలు మాత్రం ఆరో తరగతి చదువుతున్న పెద్దమ్మాయే నేర్పుతోంది.

సెలవు రోజుల్లో జరిగే తరగతులకు చిన్నవాణ్ని చంకనెత్తుకుని వెళ్లవలసి రావడమే అసలు ఇబ్బంది. ఫీజు కన్నా (అది ఎలాగో సర్దుకున్నాము) పిల్లలను చూసే మనిషి దొరకకపోవడమే తల్లుల చదువుకు పెద్ద ఆటంకమని నా అభిప్రాయం. పదో తరగతి గట్టెక్కితే ఇంటర్ కూడా అక్కడే చదివి, అంగన్‌వాడీ ఉద్యోగానికి దరఖాస్తు చేయాలని ఆమె ఆలోచన.