ఇంగ్లండులో మన తెలుగు సంఘం దీపావళి వేడుక, నవంబరు 10: పనుల పంపకం (వాట్సాప్‌లో కాదు, ఇక్కడే రాయండి)

కోశాధికారి | అక్టోబరు 16, 2018, మంగళవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. హాలు అద్దెలో మిగతా సగం శుక్రవారంలోగా కట్టమన్నారు. పోస్టరు కూడా అదే రోజు ప్రింటుకి వెళ్ళాలి. అందుకే తొందరపెడుతున్నాను.

హాలు: నేను. భోజనాలు: వదిన వాళ్ళు, ఎంతమందో 28 కల్లా చెప్పాలి. పిల్లల డాన్సులు: పాట మూడు నిమిషాలు దాటొద్దు, ఈసారైనా. మైకు: ఖాళీ. పార్కింగు: ఎవరూ రారని తెలుసు, నేనే పేర్లు రాసేస్తాను.

పోస్టరు కింద ఒక లైను చేర్చాలి. ఆదివారం అనుకున్నట్టు మిగులు మొత్తం శ్రీకాకుళం జిల్లాలో తిత్లీ తుఫాను బాధితులకి. ఏ సంస్థకి పంపుతున్నామో ఎవరైనా చెబితే రాసేద్దాం.

పోస్టర్ పిల్ల | 9:22

డిజైన్ రెడీ అంకుల్. కింద రెండు లైన్లకి చోటు వదిలాను. అంతకంటే ఎక్కువ రాస్తే ప్రమిదల మీదికి వస్తుంది.

కంచిలి కుర్రోడు | 9:40

మా కుర్రాళ్ళు నడిపే ట్రస్టు ఉంది. తుఫాను మర్నాటి నుంచి వాళ్ళే ఊరూరా తిరుగుతున్నారు. ఖాతా వివరాలు కోశాధికారి అన్నకి పంపాను. అదే వేసేయండి.

కోశాధికారి | 17, బుధవారం, మధ్యాహ్నం 1:15

ఆ లైను వేయొద్దు. ట్రస్టు వాళ్ళ ఆడిటర్‌తో మాట్లాడాను. వాళ్ళకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేదు. 2010 నాటి ఆ చట్టం ప్రకారం మన సంఘం విదేశీ సంస్థ. మనం తెలుగువాళ్ళమే కావచ్చు, డబ్బు పిల్లల డాన్సు టికెట్లదే కావచ్చు, చట్టానికి అవేవీ పట్టవు. రిజిస్ట్రేషన్ గానీ, కేంద్ర హోంశాఖ ముందస్తు అనుమతి గానీ లేకుండా మన డబ్బు తీసుకుంటే ఇరుక్కునేది వాళ్ళే. ఫోను పెట్టేసే ముందు ఆయన "దయచేసి పంపకండి" అన్నారు.

బెజవాడ బ్యాటింగ్ | 1:31

దీనికింత టెన్షన్ ఎందుకు? అందరూ నా ఖాతాలో వేయండి. నాది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే. నేను పంపితే ఆ చట్టం అడ్డు రాదు.

కోశాధికారి | 1:38

నీ సొంత సంపాదన పంపుకుంటే అడ్డు రాదు. సంఘం డబ్బూ, బ్రిటిష్ పాస్‌పోర్టు వాళ్ళ డబ్బూ పోగేసి నీ పేరు మీద పంపితే అది నీ సొమ్మెలా అవుతుంది? విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా విదేశీయుల కిందే లెక్క. మనలో ఆ కార్డులవాళ్ళు తక్కువేం లేరు.

కంచిలి కుర్రోడు | 2:05

ఏటండీ ఇది? తుఫాను 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఇవాళ 17. మా ఊళ్ళో ఇంకా కరెంటు లేదు. మా అమ్మ ఫోను ఛార్జింగు కోసం జనరేటరున్న షాపు ముందు డబ్బులిచ్చి నిలబడుతోంది. ఇక్కడేమో పాస్‌పోర్టుల లెక్కలు. అక్కడ మనవాళ్ళంటూ ఎవరూ లేనివాళ్ళకి ఇలాంటి చర్చలు ఎన్నైనా చేయబుద్ధేస్తుంది.

కోశాధికారి | 2:11

ఖాతా నా సంతకంతో నడుస్తోంది. రేపు ఎవరడిగినా జవాబు చెప్పుకోవాల్సింది నేను, నువ్వు కాదు.

సోంపేట ఆడపడుచు | 2:20

తమ్ముడూ, నాకెవరూ లేరా? మా పుట్టింటి తోటలో నిలబడి ఉన్న కొబ్బరి చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మూడు రోజులు ఫోన్లు కలవక నేనూ నిద్రపోలేదు. అన్నయ్య మీద అరిస్తే చట్టం మారదు. ఆయన చెప్పిన తీరూ బాగాలేదు, అది వేరే సంగతి.

వంటిల్లు కమిటీ | 2:47

ఈ ఖాతాల గొడవ తేలేలోపు దుప్పట్లు, బట్టలు పోగుచేసి కార్గోలో వేద్దామా? డబ్బు కాదుగా.

కోశాధికారి | 2:50

బట్టలు వద్దు వదినా. హుద్‌హుద్ తుఫాను నాటి మూటల సంగతి నేను మళ్ళీ ఎత్తను.

వంటిల్లు కమిటీ | 2:52

ఎత్తనంటూనే ఎత్తారు. సరే.

మందుల చీటీ | సాయంత్రం 6:30

ఇప్పుడే డ్యూటీ దిగాను, అంతా చదివాను. ఎలా పంపాలన్నది తేలుతుంది. ఏం పంపాలో మనలో ఎవరికీ తెలియదు, నాకు దిగులు అక్కడే.

మన శ్రీకాకుళం ఉద్దానం అంటే కిడ్నీ జబ్బుల ప్రాంతం అని మీకు తెలుసు. సోంపేట, పలాసల్లో డయాలసిస్ చేస్తారు. ఒక్కసారి చేయడానికి దాదాపు నాలుగు గంటలు, శుద్ధి చేసిన నీళ్ళు 120 లీటర్ల దాకా కావాలి. కరెంటు లేకపోతే ఈ రెండూ కష్టమే. కరెంటు ఉన్నా దారిలో చెట్లు పడి ఉంటే రోగి చేరలేడు. వరసగా తప్పితే ఒంట్లో పొటాషియం పెరిగి గుండె ఆగే ప్రమాదం. ఇంకోటి చూడండి. తోటల నిండా రాలిన బొండాలు, తాగడానికి మంచినీళ్ళు లేవు. ఎవరైనా కొబ్బరినీళ్ళే తాగుతారు. వాటిలో పొటాషియం ఎక్కువ. మనకి మంచిదే, కిడ్నీ రోగికి విషం.

ఆ మనిషి ఇంటి మీద ఒక్క పెంకు కూడా ఎగిరి ఉండకపోవచ్చు. కూలిన ఇళ్ళ జాబితాలో ఎక్కడ వెతుకుతారు?

తహసీల్దారు గారి అల్లుడు | రాత్రి 8:15

మామయ్య గారు ఇక్కడే ఉన్నారు, డిసెంబరులో వెళ్తారు. చదివి వినిపించాను. ఆయన చెబుతుంటే నేను రాస్తున్నాను.

"ప్రభుత్వం అంచనా వేసేది నష్టం. అవసరం వేరు. 2015 నాటి విపత్తు నిధి నిబంధనల్లో పూర్తిగా పడిపోయిన ఇంటికి మైదానంలో 95,100 రూపాయలు. కొంత దెబ్బతిన్న పక్కా ఇంటికి 5,200, కచ్చా ఇంటికి 3,200. తోటలకి హెక్టారుకి 18,000, అదీ 33 శాతం పైగా పోతేనే. రాష్ట్రం దానిమీద కలిపి ఇవ్వొచ్చు. ఏదైనా పాస్ పుస్తకం ఎవరి పేరున ఉంటే వాళ్ళకే. కౌలుకి తీసుకున్నవాడు, చెట్టెక్కి కాయలు దింపేవాడు, పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు ఆ కాగితంలో కనబడరు. వలస పోయినవాడి ఇంటికి తాళం ఉంటుంది, వీఆర్వో వచ్చిన రోజు ఎవరూ ఉండరు. నేను ఈ జాబితాలు రాసినవాణ్ణి, నాకు తెలుసు."

చివరి వాక్యం తర్వాత కాఫీ అడిగారు.

కోశాధికారి | 18, గురువారం, మధ్యాహ్నం 12:40

శ్రీకాకుళంలో ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సేవాసంస్థ ఒకటి దొరికింది. రిజిస్ట్రేషన్ నంబరు హోంశాఖ సైటులో సరిచూశాను. మన డబ్బు తీసుకుంటారు, విడిగా లెక్క చూపిస్తారు. కానీ ఒక షరతు. ఏ ఊరికి, దేనికి అన్నది మనం చెప్పాలి, ఎవరి మాట మీద చెబుతున్నామో కూడా రాయాలి. లారీలన్నీ హైవే పక్క ఊళ్ళలోనే ఆగిపోతున్నాయట. ఉన్నవాళ్ళకే మళ్ళీ మళ్ళీ అందుతోంది. లోపలి ఊళ్ళ కబురు తెస్తే మా వాళ్ళు వెళ్తారు అన్నారు.

పోస్టరుకి ఇంక ఒక్క రోజే ఉంది.

బెజవాడ బ్యాటింగ్ | 12:52

మనం ఇంగ్లండులో కూర్చుని అంచనా వేయడమా? ఐక్యరాజ్యసమితి అనుకుంటున్నారా మనల్ని?

సోంపేట ఆడపడుచు | 1:05

మనకి ఫోన్లున్నాయి, చుట్టాలున్నారు. పెళ్ళి సంబంధం వస్తే ముత్తాత దాకా ఆరా తీస్తాం కదా, ఇది మాత్రం చేతకాదా?

కంచిలి కుర్రోడు | 1:20

షీటు పెట్టాను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస. మండలానికొక పేజీ. మొదటి గడిలో "మీకు ఏం కావాలి?" అని ఉంది, మిగతావి మీరు చేర్చండి.

మందుల చీటీ | 1:34

ఆ ప్రశ్న తీసేయి బాబూ. ఏం కావాలంటే ఇచ్చేవాళ్ళు ఏమిస్తారనుకుంటారో అదే చెబుతారు. నిన్న జరిగింది అడగండి. నిన్న తాగేనీళ్ళు ఎక్కడివి? ఎవరు మోశారు? ఎన్ని బిందెలు, ఎంతమందికి? విపత్తుల్లో సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తాగడానికి, వంటకి, ఒళ్ళు కడుక్కోవడానికి కలిపి మనిషికి రోజుకి 15 లీటర్లు కావాలి. రమారమి ఒక పెద్ద బిందె. ఆరుగురున్న ఇంట్లో రెండు బిందెలంటే ఇంకేం అడగక్కర్లేదు.

డయాలసిస్ వాళ్ళెవరు, కిందటి వారం ఎన్నిసార్లు వెళ్ళారు? నెలలు నిండినవాళ్ళు ఉన్నారా? ఇవి ఆడవాళ్ళని అడిగితేనే తెలుస్తాయి.

తహసీల్దారు గారి అల్లుడు | 1:50

మామయ్య గారు: "ఊరికి ఒక్క ఫోనుతో సరిపెట్టొద్దు. పెద్ద వీధిలో ఒకరు, కాలనీలో ఒకరు, ఒక ఆడమనిషి. ముగ్గురూ ఒకటే చెబితే నమ్మండి. సర్పంచుల పదవీకాలం ఆగస్టులోనే అయిపోయింది, ఇప్పుడున్నది ప్రత్యేక అధికారులు. మాజీ సర్పంచి మాట విని ఊరుకుంటే ఆయన వీధి సంగతే తెలుస్తుంది. కళ్ళతో చూసింది ఒక గడిలో, విన్నది ఇంకో గడిలో రాయండి."

కోశాధికారి | 2:02

మధ్యాహ్నం చేస్తే లాభం లేదు, చీకటి పడ్డాక అక్కడ ఛార్జింగు ఉండదు. మన తెల్లవారి అయిదున్నర అంటే వాళ్ళకి పది. అప్పుడు చేయండి. మాట్లాడుతూ పోతే వాళ్ళ బ్యాటరీ అయిపోతుంది, అయిదు నిమిషాలు మించొద్దు. మా అత్తయ్యతో మొదలుపెట్టొద్దు.

సోంపేట ఆడపడుచు | 19, శుక్రవారం, ఉదయం 7:50

కవిటి మండలంలో ఒక ఊరు. మా చిన్నప్పటి స్నేహితురాలు, కాలనీలో టైలరమ్మ, రేషను డీలరు. ముగ్గురితో మాట్లాడాను.

బియ్యం అందాయి, మూడు మాటలూ కలిశాయి. నీళ్ళ దగ్గర తేడా వచ్చింది. డీలరు గారేమో ట్యాంకు నిండుతోంది, ఇబ్బంది లేదన్నారు. నిజమే, జనరేటరు అద్దెకి తెచ్చి మోటారు నడుపుతున్నారు. టైలరమ్మని అడిగితే, డీజిలుకి ఇంటింటికీ వసూలు చేస్తున్నారట. ఇవ్వలేనివాళ్ళు చేతిపంపుకి పోతున్నారు. ఏళ్ళ తరబడి ఏ నీళ్ళు తాగొద్దని చెబుతున్నారో ఆ నీళ్ళే. శుద్ధి ప్లాంటు కరెంటు వచ్చేదాకా మూతే.

దుప్పటి మాట ఎవరూ ఎత్తలేదు. రంపాల మాట ముగ్గురూ ఎత్తారు.

బెజవాడ బ్యాటింగ్ | 8:04

రంపాలా?

కంచిలి కుర్రోడు | 8:19

మిషన్ రంపాలు. మా వైపూ అదే మాట. తోటలో చెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, నడవడానికి దారి లేదు. కోసి తీయించాలంటే చెట్టుకింతని కూలి అడుగుతున్నారు, పోయిన చెట్టు మీద మళ్ళీ ఖర్చు. వదిలేద్దామంటే కుళ్ళిన మొద్దుల్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. అది పెరిగి మిగిలిన నాలుగు చెట్ల మొవ్వు తొలిచేస్తుంది, కొత్తగా వేసిన మొక్కనీ బతకనివ్వదు. నాటు కొబ్బరి కాపుకి రావడానికే ఆరేడేళ్ళు. తోట శుభ్రం కాకుండా మొక్కలిస్తే ఎక్కడ పాతుతారు? మా నాన్న మొదటిసారి ఫోనులో ఏడవకుండా మాట్లాడాడు, పురుగు గురించి అడిగాను కాబట్టి.

కోశాధికారి | 8:31

సంస్థ వాళ్ళకి ఇప్పుడే చెప్పాను. రంపాలు కొని ఊళ్ళకి వంతులవారీగా ఇవ్వడం, మనుషుల్ని పెట్టడం వాళ్ళకి తెలిసిన పనేనట. డీజిలు కూడా కుదురుతుంది, బిల్లులు కావాలి. కరెంటు వచ్చేస్తే డీజిలు అక్కర్లేదు కాబట్టి నవంబరు దాకా ఆగకూడదు. నిధిలో ఉన్న దాంట్లోంచి కొంత ఇవాళే పంపిస్తే? హాలు మిగతా అద్దె కట్టాక పెద్దగా ఏం మిగలదు.

వంటిల్లు కమిటీ | 8:40

కేటరింగు వాళ్ళకి ఇవ్వాల్సిన అడ్వాన్సు ఇంకా నా దగ్గరే ఉంది. అది పంపేయండి. తిండి సంగతి మేం నలుగురం చూసుకుంటాం. పులిహోర, పెరుగన్నం. ఎవరైనా మూతి ముడిస్తే నా దగ్గరికి పంపండి.

పోస్టర్ పిల్ల | 8:55

అంకుల్, లైను!!! పన్నెండింటికి ప్రింటు.

కోశాధికారి | 9:12

ఇలా వెయ్యమ్మా: "తిత్లీ తుఫానుకి దెబ్బతిన్న ఉద్దానం గ్రామాల్లో తాగునీటికి, కూలిన చెట్ల తొలగింపుకి. మిగిలితే కొబ్బరి మొక్కలకి." మూడో మాట తీయొద్దు. ఇక్కడ దేనికని అడిగి వసూలు చేశామో దానికే వాడాలి, మిగిలితే ఏం చేస్తామో ముందే చెప్పకపోతే తర్వాత తలనొప్పి.

పోస్టర్ పిల్ల | 9:15

మూడు లైన్లయింది. ఒక ప్రమిద తీసేశా.

మందుల చీటీ | మధ్యాహ్నం 1:30

షీటులో డయాలసిస్ గడి నింపినవాళ్ళకి థ్యాంక్స్. ఎవరి పేర్లూ, రోగాలూ అందరికీ కనబడే పేజీలో పెట్టొద్దు. ఊరు, ఎంతమంది, ఎక్కడికి వెళ్ళాలి అంతే. పేర్లు నాకు విడిగా పంపండి. వాళ్ళని చేర్చడానికి బండి పెట్టగలరేమో సంస్థ వాళ్ళని అడుగుతాను. కొబ్బరినీళ్ళ సంగతి ఫోను చేసిన ప్రతివాళ్ళూ చెప్పండి.

కంచిలి కుర్రోడు | రాత్రి 9:05

వజ్రపుకొత్తూరు పేజీలో అన్నీ తోటల ఊళ్ళే ఉన్నాయి. నువ్వలరేవు లాంటి మత్స్యకార ఊళ్ళ నుంచి ఒక్క మాటా లేదు. పడవలు, వలలు ఏమయ్యాయో తెలియాలి. కబురు లేదంటే బాగున్నారని కాదు. ఎవరికైనా అటు తెలిసినవాళ్ళున్నారా?

బెజవాడ బ్యాటింగ్ | 9:18

మా ఆఫీసులో ఒకతని భార్య తరఫువాళ్ళు అటువైపే. రేపు శనివారం, అయిదున్నరకి లేచి చేస్తా. మా ఆవిడ నమ్మట్లేదు.

సోంపేట ఆడపడుచు | 9:26

మందస పేజీ కూడా ఖాళీయే. హరిపురంలో మా తోటికోడలి పిన్ని ఉన్నారు, ఆవిడతో నేను మాట్లాడతా. కాలనీలో ఒకళ్ళు, కొండవైపు ఊళ్ళలో ఒకళ్ళు దొరకాలి.

తహసీల్దారు గారి అల్లుడు | 9:33

మందస కొండవైపు మామయ్య గారు ఉద్యోగం చేశారు. పాత డైరీ సూట్‌కేసులో ఉందట, వెతుకుతున్నారు. నంబర్లు దొరికితే ఆయనే చేస్తారట, నన్ను రాసుకోమన్నారు.