ఆస్ట్రేలియా 491 వీసా తీసుకోవాలా, 190 కోసం ఆగాలా? వయసు పాయింట్లు పోయేలోపు తేల్చుకోవాలి

కొత్తదారి:
అందరికీ నమస్తే అండి. ఆస్ట్రేలియా స్టేట్ నామినేషన్ (అక్కడి ఒక రాష్ట్రం మనల్ని ఎంచుకుని వీసాకి సిఫార్సు చేయడం) మీద పాత పోస్టులన్నీ చదివాను కానీ నా కేసుకి సరిపోయేది కనపడలేదు, అందుకే రాస్తున్నా. నాకిప్పుడు 32, ఇంకో నాలుగు నెలల్లో 33 నిండుతాయి. బీటెక్ సీఎస్‌ఈ, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా ఆరున్నరేళ్లు, ఏసీఎస్ (ఐటీ వాళ్ల చదువు, అనుభవం పరిశీలించే ఆస్ట్రేలియా సంస్థ) అసెస్‌మెంట్ పాజిటివ్ వచ్చింది, ఐఈఎల్‌టీఎస్‌లో అన్నిట్లో 7 దాటాయి. వీసాకి చూసే పాయింట్లలో నా లెక్క: వయసుకి 30, డిగ్రీకి 15, ఇంగ్లీషుకి 10, అనుభవానికి 10, మా ఆవిడ ఇంగ్లీషుకి 5, మొత్తం 70. స్టేట్ ఇచ్చేవి కలిపితే 190కి (నేరుగా పీఆర్, అంటే శాశ్వత నివాసం ఇచ్చే వీసా) 75, 491కి (రీజినల్ ప్రాంతాల్లోనే ఉండాల్సిన వీసా) 85.

నేను వెళ్లిన కన్సల్టెన్సీ వాళ్లేమో 491 వద్దు అది టెంపరరీ, పైగా ఏడాదికి 53,900 డాలర్ల జీతం చూపిస్తేనే పీఆర్ ఇస్తారు, 190కే ఆగండి, స్టేట్ వాళ్ల దగ్గర మాకు మనుషులున్నారు నామినేషన్ గ్యారంటీ అంటున్నారు, దానికి ముందే డబ్బు కట్టమంటున్నారు. ఇద్దరం రాత్రుళ్లు ఇదే మాట్లాడుకుంటున్నాం, ఏదీ తేలట్లేదు. 491 మీద ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నది ఉన్నట్టు చెప్పండి ప్లీజ్.

నిదానమే_ప్రధానం:
బ్రో ముందు ఆ 70 దగ్గరే ఆగండి. ఏసీఎస్ లెటర్ తీసి చూడండి, అందులో ఫలానా నెల తర్వాత చేసిన ఉద్యోగాన్నే స్కిల్డ్‌గా లెక్కిస్తాం అని ఒక తేదీ ఉంటుంది. కంప్యూటర్ డిగ్రీ ఉన్నవాళ్లకి మామూలుగా మొదటి రెండేళ్లు తీసేస్తారు. అంటే మీకు మిగిలేది నాలుగున్నరేళ్లు, దానికి 5 పాయింట్లే, 10 రావాలంటే ఐదేళ్లు నిండాలి. మీ అసలు స్కోరు 65 అన్నమాట.

ఇది చిన్న విషయం కాదు, వీసాకి దరఖాస్తు చేయమని ఇన్విటేషన్ వచ్చిన రోజుకి మీరు చెప్పుకున్న పాయింట్లన్నీ నిజంగా ఉండాలి, లేకపోతే వీసా రిజెక్ట్ చేస్తారు, కట్టిన ఫీజు వెనక్కి రాదు. స్కిల్‌సెలెక్ట్‌లో (ప్రభుత్వ వీసా సైట్) ఈఓఐ, అంటే ఆసక్తి తెలుపుతూ పెట్టే ఫారం తెరిచి ఆ తేదీకి ముందున్న ఉద్యోగాన్ని విడిగా పెట్టి నామినేటెడ్ ఆక్యుపేషన్‌కి (మీరు ఎంచుకున్న వృత్తికి) సంబంధం లేదు అని మార్క్ చేయండి, తర్వాతది వేరే ఎంట్రీగా పెట్టి ఇప్పటి ఉద్యోగానికి ముగింపు తేదీ ఖాళీగా వదిలేయండి, ఐదేళ్లు నిండిన రోజు పాయింట్లు దానంతటవే పెరుగుతాయి. 33 నిండిన రోజు వయసువి 30 నుంచి 25కి తగ్గేది కూడా అలాగే జరిగిపోతుంది. అంటే నాలుగు నెలల్లో 5 పోతాయి, ఆరు నెలల్లో 5 తిరిగొస్తాయి, మీరు భయపడుతున్నంత నష్టం లేదు.

అసలు పెరగాల్సింది వేరే చోట ఉంది. ఇంగ్లీషులో అన్నిట్లో 8 తెచ్చుకుంటే 10 బదులు 20. మీ ఆవిడ కూడా ఆస్ట్రేలియా వృత్తుల లిస్టులో ఉన్న పని చేస్తుంటే ఆవిడకీ స్కిల్ అసెస్‌మెంట్ చేయించండి, 5 బదులు 10 వస్తాయి.

దక్షిణదిక్కు:
నేను మా ఆయన 491 మీద అడిలైడ్‌లో ఉంటున్నాం తమ్ముడూ, రెండేళ్లు దాటింది. ఆ 53,900 సంగతి మొదట్లో ప్రకటించిన మాట, ఇప్పుడు 191కి (491 తర్వాత వేసే పీఆర్ వీసా) కనీస ఆదాయం అంటూ ఏమీ లేదు, 491 మీద మూడేళ్లు ఉండి మూడు ఆర్థిక సంవత్సరాలకి టాక్స్ ఆఫీసు ఇచ్చే నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్లు చూపించాలి. వీసా ఐదేళ్లది కాబట్టి టైమ్ ఉంటుంది. మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య పథకం) కూడా వస్తుంది.

రీజినల్ అంటే పల్లెటూరు అనుకోకండి, సిడ్నీ మెల్‌బోర్న్ బ్రిస్బేన్ తప్ప మిగతాదంతా రీజినలే, అడిలైడ్ పెర్త్ కాన్‌బెర్రా హోబార్ట్ అన్నీ వస్తాయి. కానీ కష్టం లేదని చెప్పను. మా ఆయనకి తన లైన్‌లో ఉద్యోగం దొరకడానికి ఏడు నెలలు పట్టింది, అప్పటిదాకా వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టులు చేశారు, తెచ్చుకున్న సేవింగ్స్ కరిగిపోతుంటే ఇద్దరం చాలా బాధపడ్డాం. ఇక్కడ డిఫెన్స్ పనులు ఎక్కువ, వాటికి సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి, అది సిటిజన్లకే. సిడ్నీలో మంచి ఆఫర్ వచ్చినా వెళ్లలేం, చూసి రావడానికి వెళ్లొచ్చు కానీ ఉండటం పని చేయడం చదవడం అన్నీ రీజినల్‌లోనే, ఈ కండిషన్ మీ ఆవిడకీ వర్తిస్తుంది. పైగా ఒకసారి 491 తీసుకున్నాక మధ్యలో మనసు మారి 190కో 189కో (స్టేట్ నామినేషన్ అక్కర్లేని పీఆర్ వీసా) వేద్దామంటే మూడేళ్లు అయ్యేదాకా కుదరదు. ఆ ఊళ్లో మూడేళ్లు ఉండగలం అని ఇద్దరికీ అనిపిస్తేనే వేయండి, ఒక్కరికి అనిపిస్తే చాలదు.

తెల్లకాగితం:
గ్యారంటీ అన్న మాట వినగానే అక్కడ్నించి లేచి వచ్చేయాలండి. ఎవరిని నామినేట్ చేయాలో ఆ స్టేట్ ప్రభుత్వమే తేలుస్తుంది, జూలై 1న మొదలయ్యే ప్రతి ప్రోగ్రామ్ ఇయర్‌కీ ఫెడరల్ ప్రభుత్వం ఏ స్టేట్‌కి ఎన్ని సీట్లో తేలుస్తుంది, ఆ సీట్లలోనే వాళ్లు ఏ పనివాళ్లు కావాలో చూసుకుంటారు, నర్సులు టీచర్లు కన్‌స్ట్రక్షన్ వాళ్లు ముందుంటే సాఫ్ట్‌వేర్ వాళ్లకి 85 ఉన్నా పిలుపు రాకపోవచ్చు. మధ్యలో ఎవరి మనుషులూ ఏమీ చేయలేరు. ఏజెంట్ కావాలనుకుంటే మారా (ఆస్ట్రేలియాలో మైగ్రేషన్ ఏజెంట్లని రిజిస్టర్ చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, ఆ రిజిస్టర్ ఆన్‌లైన్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. నేను ఇలాంటి మాటే నమ్మి ఒక ఏడాది పోగొట్టుకున్నా, ఈఓఐ లాగిన్ కూడా నా చేతికివ్వలేదు. మీది మీ ఈమెయిల్‌తోనే పెట్టుకోండి.

ఇంకోటి, స్టేట్‌కో ఈఓఐ విడిగా పెట్టండి. విక్టోరియా లాంటి చోట ఈఓఐతో సరిపోదు, వాళ్ల సైట్‌లో విడిగా ఆర్‌ఓఐ (నేరుగా ఆ స్టేట్‌కే ఆసక్తి తెలిపే ఫారం) కూడా వేయాలి, చాలామంది ఇది వేయకుండానే పిలుపు కోసం ఎదురుచూస్తుంటారు.

కొత్తదారి:
లెటర్ తీసి చూశాను, నిదానమే గారు చెప్పినట్టే రెండేళ్లు తీసేశారు, ఇన్నాళ్లూ మొదటి పేజీ చూసి పాజిటివ్ అని సంబరపడ్డామే తప్ప ఆ లైన్ చదవలేదు. ఇందాకే ఈఓఐ సరిచేశా, 65 చూపిస్తోంది. కన్సల్టెన్సీకి డబ్బు కట్టట్లేదు. మా ఆవిడ టెస్టింగ్‌లో చేస్తుంది, తన అసెస్‌మెంట్‌కి రిఫరెన్స్ లెటర్లు రేపే అడుగుతానంది. 190, 491 రెండూ వేరువేరుగా పెడతాం, కానీ 491 వస్తే వెళ్లాలా అన్నది ఇంకా మాట్లాడుకోవాలి. అక్కా ఒక్కటి చెప్పండి, ఎన్ని నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని రావాలి?

దక్షిణదిక్కు:
మేము నాలుగు నెలలకి సరిపడా తెచ్చుకున్నాం, చాల్లేదు. పది నెలలకి పెట్టుకో తమ్ముడూ, ఇంటి అద్దెకి ముందు కట్టే బాండ్ దాంట్లో కలపకుండా.