లావు వేళ్లకు సరిపోయే వెడల్పు నెక్ స్టీల్ స్ట్రింగ్ గిటార్ ఏది?

నా అకౌస్టిక్ గిటార్ నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే గాడుల పట్టీ) వెడల్పు 43 మిల్లీమీటర్లు. ఓపెన్ సి కార్డ్ పట్టుకుంటే చూపుడు వేలి కొస ఒకటో తీగకు తగిలి, అది మోగకుండా టక్కుమని ఆగిపోతోంది. ‘ఎ’ (A) కార్డ్ అయితే మరీ ఘోరం, ఒకే ఫ్రెట్‌లో మూడు వేళ్లు ఇరికించాలి.

52 మి.మీ. ఉన్న క్లాసికల్ గిటార్ మీద ఈ బాధ లేదు గానీ నాకు నైలాన్ నాదం వద్దు. దానికే స్టీల్ తీగలు బిగించమన్నారొకరు. ఆ టెన్షన్‌కి బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు కట్టే చెక్క) ఊడొస్తుంది, కాబట్టి అది వదిలేశాను.

44.5 మి.మీ. నట్ ఉన్నవి చాలానే కనిపిస్తున్నాయి. ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడా చేతికి నిజంగా తెలుస్తుందా, లేక 46 దాకా వెళ్లాలా? సీగల్ ఎస్6 నట్ దాదాపు 45.7 మి.మీ. అది వాడినవాళ్లుంటే చెప్పండి.

ఇంకో అనుమానం. నట్ ఎంత వెడల్పున్నా, తీగల గాడులు దగ్గరదగ్గరగా కోసి ఉంటే లాభమేముంది? ఒకటో తీగ నుంచి ఆరో తీగకు కొలిచి చూసుకోవడమే మేలా? నేను వేళ్లతోనే మీటుతాను, కాబట్టి బ్రిడ్జి దగ్గర తీగల మధ్య ఎడం కూడా కావాలి.

అన్నట్టు, 12 తీగల గిటార్‌కి ఆరు తీగలే వేసుకుని వాయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? నట్ గాడులు కొత్తగా కోయించాల్సి వచ్చిందా?