టికెట్లు కొన్న మూడు వారాలకే రేటు పడింది. తేడా డబ్బు వెనక్కి తెచ్చుకున్నవాళ్ళెవరైనా ఉన్నారా?

ఇర్వింగ్_ఇడ్లీ

అందరికీ నమస్కారం. సంక్రాంతికి ఇంటికి వెళ్దామని డాలస్ నుంచి హైదరాబాద్‌కి నలుగురికి రానూపోనూ టికెట్లు సెప్టెంబరు చివర్లో కొన్నాను. మనిషికి 1,480 డాలర్లు. నిన్న రాత్రి పిల్లాడిని పడుకోబెడుతూ ఊరికే ఫోన్లో చూశాను. అవే ఫ్లైట్లు, అవే తేదీలు, 1,205! నలుగురికీ కలిపితే 1,100 డాలర్ల తేడా. ఇక నిద్ర ఎక్కడిది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. "ఇప్పుడే కొనేద్దాం, ఆగితే పెరుగుతుంది" అని తొందరపెట్టింది నేనే.

అమెరికా ఎయిర్‌లైన్ వాళ్ళ సైట్‌లోనే కొన్నాను, మధ్యలో ఏజెంటు ఎవరూ లేరు. అడిగితే ఇస్తారా? ఎవరికైనా వచ్చిందా?

నిడదవోలు_జంక్షన్

చీర కొన్నాక పక్క కొట్లోకి వెళ్ళి ధర అడగొద్దని మా అమ్మ చెప్పేది. టికెట్టూ అంతే బ్రదర్. కొన్నాక ఆ యాప్ తీసేయండి, హాయిగా నిద్రపడుతుంది.

హ్యూస్టన్_హైలెస్సా

జంక్షన్ గారూ, చీర విషయంలో మీ అమ్మగారిదే రైటు. టికెట్ సంగతి వేరు, ఇక్కడ కొట్టువాడే కొన్నాక కూడా మార్చుకోనిస్తున్నాడు.

ఇడ్లీ గారూ, ముందు రెండు విషయాలు చూడండి. ఒకటి, మీరు కొన్నది మామూలు ఎకానమీయా, బేసిక్ ఎకానమీయా? రెండు, ఇప్పుడు కనిపిస్తున్న 1,205 ఏది? చాలాసార్లు రేటు పడిందని మనం సంబరపడేది బేసిక్ రేటు చూసి. అందులో బ్యాగుల లెక్క వేరు, సీటు ఎంచుకోవడం వేరు, మార్పులు మామూలుగా కుదరవు. పోల్చేటప్పుడు మామూలుదానితో మామూలుదాన్నే పోల్చాలి.

రెండూ మామూలు ఎకానమీయే అయితే మీ పంట పండినట్టే. 2020 ఆగస్టు చివర్లో యునైటెడ్, డెల్టా, అమెరికన్ ఒకదాని వెనక ఒకటి దేశంలోపలి టికెట్లకి మార్పు ఫీజులు ఎత్తేశాయి, ఆ తర్వాత ఇక్కడ మొదలయ్యే అంతర్జాతీయ టికెట్లకీ ఎత్తేశాయి. అంతకుముందు అంతర్జాతీయ టికెట్‌లో తేదీ మార్చాలంటే వందల డాలర్లు కట్టేవాళ్ళం. ఇప్పుడు అమెరికాలో మొదలయ్యే ప్రయాణమైతే, బేసిక్ కానంతవరకు, అదే టికెట్‌ని కొత్త రేటుకి మార్చుకోవచ్చు. తేడా మీదే.

అయితే ఆ తేడా మీ కార్డుకి రాదు, క్రెడిట్‌గా వస్తుంది. మళ్ళీ వాళ్ళ దగ్గరే కొనుక్కోవాలి. ఎవరి పేరున టికెట్ ఉందో క్రెడిట్ కూడా మామూలుగా వాళ్ళ పేరునే వస్తుంది. గడువు చాలాసార్లు మొదటి టికెట్ కొన్న రోజు నుంచి ఏడాది లెక్క, క్రెడిట్ వచ్చిన రోజు నుంచి కాదు. నాకు ఒకసారి 210 డాలర్లు అలాగే ఎగిరిపోయాయి. జూన్ దాకా ఉందనుకున్నాను, మార్చిలోనే అయిపోయింది.

ఇర్వింగ్_ఇడ్లీ

నాది మామూలుదే, 1,205 కూడా మామూలుదే. చెక్ చేశాను. కానీ కొత్త చిక్కు వచ్చింది. మార్చడానికి లోపలికి వెళ్తే నలుగురికీ తలా 1,390 చూపిస్తోంది. బయట ఒక్కరికని వెతికితే 1,205. నేను లాగిన్ అయ్యానని రేటు పెంచేస్తున్నారా? కుకీలు తీసేసి, భార్య ఫోన్లోంచి కూడా చూశాను. అదే.

టికెటింగ్_పాతకాపు

కుకీలకి, దీనికి సంబంధం లేదండీ. పదకొండేళ్ళు బేగంపేటలో టికెటింగ్ కౌంటర్‌లో కూర్చున్నాను కాబట్టి కాస్త విడమరిచి చెప్తాను.

మీ కంటికి ఎకానమీ అంతా ఒకటే. ఎయిర్‌లైన్ కంప్యూటర్‌లో అది పది పన్నెండు అరలు. ఒక్కో అరకి ఒక అక్షరం, ఒక్కో అక్షరానికి ఒక రేటు, ఒక్కో అరలో ఇన్ని సీట్లని లెక్క. మీ టికెట్ మీద ఎక్కడో మూల ఒక ఒంటరి ఇంగ్లీషు అక్షరం ఉంటుంది చూడండి, అదే మీ అర. కింది అరలో రెండే సీట్లు మిగిలి, మీరు నలుగురికి అడిగితే, కంప్యూటర్ ఇద్దరికి చవగ్గా, ఇద్దరికి ఖరీదుగా ఇవ్వదు. నలుగురూ పట్టే అర దాకా పైకెక్కి, ఆ రేటే అందరికీ వేస్తుంది. మీకు జరిగింది అదే. ఇద్దరికని వెతికి చూడండి, 1,205 వస్తుంది. ముగ్గురికని వెతికితే ఎక్కడ తెగుతుందో తెలుస్తుంది.

అసలు రేటు ఎందుకు పడిందో కూడా చెప్తాను. పండగ సీజన్‌కి పెద్ద ఏజెంట్లు గ్రూపు సీట్లు ముందే బ్లాక్ చేసి పెట్టుకుంటారు. అమ్ముడుపోనివి ప్రయాణానికి కొన్ని వారాల ముందు వదిలేయాలి. ఆ సీట్లు వెనక్కి రాగానే కింది అరలు మళ్ళీ తెరుచుకుంటాయి. ఒక్కోసారి ఒక పూట, ఒక్కోసారి రెండు రోజులు. తెల్లారేసరికి మాయం. మా రోజుల్లో పొద్దున కౌంటర్ తెరవగానే మొదటి పని, పాత పీఎన్ఆర్‌లు తీసి కింది అర తెరుచుకుందేమో చూడటం. మంచి కస్టమరైతే ఫోన్ చేసి చెప్పేవాళ్ళం. బేరాలాడి విసిగించినవాడైతే... పోనీలెండి.

మీరు చేయాల్సింది: కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి పీఎన్ఆర్‌ని రెండుగా విడగొట్టమనండి. దాన్ని స్ప్లిట్ అంటారు. విడగొట్టేటప్పుడు పిల్లలిద్దర్నీ ఒక పీఎన్ఆర్‌లో, పెద్దవాళ్ళిద్దర్నీ ఒకదాంట్లో పెట్టకండి. రేపు ఫ్లైట్ ఏదైనా రద్దయితే పిల్లలొక దారి, మీరొక దారి అవుతారు. ఒక పెద్ద, ఒక పిల్ల చొప్పున పెట్టండి. ఆ తర్వాత ఒక పీఎన్ఆర్‌ని కింది రేటుకి మార్చండి.

ఇంకొకటి. "ముందు కొత్తది కొనేసి, తర్వాత పాతది రద్దు చేద్దాం" అని తెలివితేటలు వద్దు. అదే పేరు, అదే ఫ్లైట్‌తో రెండు బుకింగులుంటే సిస్టమ్ డూప్లికేట్ అని పట్టుకుని ఒకదాన్ని తీసేస్తుంది. ఏది తీసేస్తుందో మన చేతిలో ఉండదు.

కూకట్‌పల్లి_కుర్రోడు

అన్నా, అమెరికావాళ్ళకి బాగనే ఉంది. మన దేశంల సంగతి చెప్పండి. హైదరాబాద్–వైజాగ్ 5,600కి తీసుకున్న, వారానికి 3,900 అయింది. రద్దు చేస్తే క్యాన్సిలేషన్ ఛార్జ్ 3,000 దాటుతుందట. 1,700 కోసం మూడు వేలు పోగొట్టుకోవాల్నా?

సింహాచలం_మెట్లు

వద్దు తమ్ముడూ, కదపకు. దేశంలో తిరిగే మామూలు టికెట్లకి ఈ ఆట పెద్దగా చెల్లదు. లెక్క ఒక్కటే: రేటు ఎంత పడింది, రద్దు ఛార్జీ ఎంత. ఛార్జీ ఎక్కువైతే నోరు మూసుకుని పాత టికెట్ మీదే ఎక్కేయడం. దేశంలో రద్దు ఛార్జీ మనిషికింత అని కట్టేస్తారు కాబట్టి చిన్న టికెట్లలో అదే తేడాని మింగేస్తుంది.

మనకున్న గట్టి సదుపాయం మొదటి 24 గంటలు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రూలే ఉంది. ఎయిర్‌లైన్ సైట్‌లో నేరుగా కొని, ప్రయాణానికి కనీసం 7 రోజులుంటే 24 గంటల్లోపు ఛార్జీ లేకుండా రద్దు చేసుకోవచ్చు. 2025 నవంబరులో దాన్ని 48 గంటలు చేస్తామంటూ ముసాయిదా కూడా పెట్టారు, కాబట్టి కొనే రోజున ఏ గడువు నడుస్తోందో సైట్‌లో చూసుకో. మొన్న ఢిల్లీ టికెట్ రాత్రి పదింటికి కొన్నాను. పొద్దున కాఫీ తాగుతూ చూస్తే అదే ఫ్లైట్ 1,100 తక్కువ. రద్దు చేసి మళ్ళీ కొన్నాను. డబ్బు ఐదో రోజుకి కార్డులో పడింది. కన్వీనియెన్స్ ఫీజు మాత్రం రెండుసార్లూ వాళ్ళకే. అది వెనక్కి రాదు.

నిడదవోలు_జంక్షన్

ఐదు రోజులు ఎదురుచూసి 1,100లోంచి కన్వీనియెన్స్ ఫీజు తీసేస్తే మిగిలింది బిర్యానీ డబ్బు.

సింహాచలం_మెట్లు

బిర్యానీ ఊరికే వస్తే వద్దంటారా మీరు?

గన్నవరం_గేటు_2

రద్దు ఛార్జీ సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. చాలామందికి తెలియదు. టికెట్ ధరలో బేస్ ఫేర్, ఇంధన సర్‌ఛార్జి ఒక ఎత్తు, పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజులు ఒక ఎత్తు. రద్దు ఛార్జీ పేరుతో మొదటి ఎత్తు వరకే కోయొచ్చు. ప్రభుత్వ పన్నులు, యూడీఎఫ్ (ఎయిర్‌పోర్టు వాడకం ఫీజు) లాంటివి మనం ఎక్కకపోతే తిరిగి ఇవ్వాల్సిందే. "నాన్ రిఫండబుల్" అని రాసి ఉన్నా సరే, నో షో (రద్దు చేయకుండానే ఎక్కకపోవడం) అయినా సరే.

పోయినేడు మా అత్తగారి ఒంట్లో బాగోక ఫ్లైట్ ఎక్కలేదు. రద్దు చేసినా ఏం రాదని రద్దు కూడా చేయలేదు. నెల తర్వాత ఎవరో చెప్తే సైట్‌లో పన్నుల రిఫండ్ ఫారం వెతికాను. ఎక్కడో ఐదో పేజీలో పెట్టారు, దొరకడానికే పావుగంట. నింపితే ఇద్దరివీ కలిపి 1,340 వచ్చాయి. ముందు "మీ టికెట్‌కి వర్తించదు" అని జవాబొచ్చింది. ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టాక వర్తించింది. ఇంకో మాట, డబ్బు బదులు క్రెడిట్ షెల్ (మళ్ళీ వాళ్ళ దగ్గరే కొనడానికి వాడే జమ) ఇస్తామంటే ఒప్పుకోవాలనేం లేదు. అది తీసుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టమని రూల్లోనే ఉంది.

రాజోలు_టు_కువైట్

మాకు ఇవేవీ ఉండవండి. టికెట్ ఊళ్ళో ఏజెంటు తీస్తాడు, వాట్సాప్‌లో ఫొటో పంపుతాడు. రేటు పడిందన్నా అని అడిగితే ఎయిర్‌లైన్ ఛార్జీ, నా ఛార్జీ రెండూ కట్టు, మారుస్తానంటాడు. ఆ రెండూ కలిపితే పడినదానికన్నా ఎక్కువ.

టికెటింగ్_పాతకాపు

రాజోలు గారూ, ఆ మాట నిజమే. ఒక్క చిన్న సందు ఉంది. ఏజెంటు టికెట్ కొట్టిన రోజే, అర్ధరాత్రిలోపు, చాలా ఎయిర్‌లైన్లలో దాన్ని వాయిడ్ చేయొచ్చు. వాయిడ్ అంటే ఆ టికెట్ పుట్టనే లేదన్నట్టు, ఎయిర్‌లైన్ ఛార్జీ పడదు. కాబట్టి మధ్యాహ్నం తీయించి, సాయంత్రం ఒకసారి రేటు చూసుకోండి. పడితే "క్యాన్సిల్" అనకండి, "వాయిడ్ చేయి" అనండి. ఆ మాట వింటే ఇతనికి సంగతి తెలుసని అర్థమవుతుంది.

షికాగో_చలిమంట

పూర్తి డబ్బు కార్డుకే వచ్చిన కథ నాది. రేటు పడినప్పుడు నేనేం చేయలేకపోయాను, టికెట్ బేసిక్. 1,395 పెట్టి కొన్నది 1,060కి కనబడుతూ పళ్ళు ఇకిలిస్తోంది. రెండు వారాల తర్వాత ఎయిర్‌లైన్ నుంచి మెయిలు: మీ షెడ్యూలు కొద్దిగా మారింది, ఓకే నొక్కండి అని. ఆ "కొద్దిగా" ఏంటయ్యా అని చూస్తే హైదరాబాద్ చేరేది ఏడు గంటలు ఆలస్యంగా.

ఓకే నొక్కలేదు. అదే నన్ను కాపాడింది. అమెరికా రవాణా శాఖ 2024లో తెచ్చిన రూలు ప్రకారం, అంతర్జాతీయ ప్రయాణంలో 6 గంటలు, దేశంలోపల 3 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ మార్చినా, స్టాపులు పెంచినా, మనం ఆ మార్పుకి ఒప్పుకోకపోతే పూర్తి డబ్బు వాపసు. బేసిక్ అయినా సరే. కార్డుతో కట్టినవాటికి 7 పనిదినాల్లో వేయాలి. ఫోన్లో అమ్మాయి మూడుసార్లు క్రెడిట్ ఇస్తానంది. నేను మూడుసార్లు కార్డుకే వేయమన్నాను. వేశారు. అప్పటికి రేటు 1,060 లేదు, 1,110 అయింది. అయినా 285 మిగిలింది.

కాబట్టి షెడ్యూలు మెయిలు వస్తే తిట్టుకోకుండా ముందు రేటు చూడండి. ఓకే నొక్కాక మాత్రం ఏం చేయలేరు.

హ్యూస్టన్_హైలెస్సా

ఇది బంగారం లాంటి మాట. ఇంకో మూడు చిన్నవి చేరుస్తాను. అమెరికాకి వచ్చే, పోయే ఫ్లైట్లకి ఇక్కడా 24 గంటల రూలుంది, ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా, 7 రోజులు ముందుగా కొన్నవాటికి. రద్దు బదులు 24 గంటలు సీటు పట్టి ఉంచే సదుపాయం ఇచ్చినా సరిపోతుందని రూలు, కాబట్టి ఏది ఇస్తున్నారో చూసుకోండి. మైళ్ళతో (ఎయిర్‌లైన్ పాయింట్లతో) కొన్నవాళ్ళకైతే పండగే, పైన చెప్పిన మూడు కంపెనీల్లో అలా కొన్న అవార్డు టికెట్ రద్దు చేస్తే, బేసిక్ కానంతవరకు, మైళ్ళు వెనక్కి వేసేస్తారు. వారానికోసారి చూసి, తగ్గితే మార్చేయడమే. మూడోది, గూగుల్ ఫ్లైట్స్‌లో ట్రాక్ బటన్ ఆన్ చేస్తే రేటు మారగానే మెయిలు వస్తుంది, రోజూ రాత్రి పిల్లాడిని పడుకోబెడుతూ చూసుకోనక్కర్లేదు.

అన్నట్టు, అమ్మానాన్నలకి హైదరాబాద్ నుంచి మొదలయ్యే టికెట్ కొంటే, మార్పు ఫీజు లేదనే ధీమాతో ఉండకండి. ప్రయాణం ఎక్కడ మొదలైందన్నదాన్నిబట్టి రూలు మారుతుంది. మా మామగారి టికెట్ దగ్గర నేర్చుకున్నాను.

ఇర్వింగ్_ఇడ్లీ

పాతకాపు గారికి శతకోటి నమస్కారాలు. అప్‌డేట్.

ఇద్దరికని వెతికితే 1,205 వచ్చింది, ముగ్గురికని వెతికితే 1,390. మీరు చెప్పినట్టే. ఫోన్ చేశాను. మొదటి ఆయన స్ప్లిట్ కుదరదన్నాడు. పెట్టేసి మళ్ళీ చేశాను. రెండో ఆవిడ నాలుగు నిమిషాల్లో చేసేసింది. మా ఆవిడ, బాబు ఒక పీఎన్ఆర్. నేను, పాప ఇంకొకటి. వెంటనే వాళ్ళిద్దరివీ 1,205కి మార్చాను. సీట్లు పోయాయి, మళ్ళీ ఎంచుకోవాల్సొచ్చింది, అదొక్కటే నొప్పి. తలా 275 క్రెడిట్ పడింది. మా ఇద్దరిదీ 1,390కి మార్చాలా, ఇంకా పడుతుందేమో ఆగాలా అని తేల్చుకోలేక ఒక రాత్రి ఆగాను. పొద్దున 1,520.

నిడదవోలు_జంక్షన్

అందుకే చెప్పాను యాప్ తీసేయమని.

ఇర్వింగ్_ఇడ్లీ

తీసేశాను గురువుగారూ. మా ఆవిడకి కూడా విషయం చెప్పేశాను. క్రెడిట్ గడువు వచ్చే సెప్టెంబరు, అదీ ఆవిడ పేరున, నాలుగేళ్ళ మా వాడి పేరున ఉంది. వేసవిలో వాళ్ళ అక్కావాళ్ళింటికి అట్లాంటా వెళ్ళొస్తారట ఇద్దరూ. "నీ పేరున క్రెడిట్ లేదు కదా, నువ్వు ఇంట్లో ఉండు" అంది.