అత్తయ్య ట్రంకుపెట్టెలోని అమెరికా గౌను ఏ కాలానిదో లేబుళ్లు చూసి చెప్పగలరా?

ప్రశ్న (నరసాపురం నుంచి):
నమస్కారమండీ. మా మేనత్త అమెరికాలో డాక్టరుగా పనిచేసి, తర్వాత ఊరికి వచ్చేశారు. ఈమధ్యే పోయారు. ఆవిడ ట్రంకుపెట్టెలో లేత నీలం గౌను దొరికింది. 1958లో కొన్నదని నాన్నగారు, 1970 దాటాక కొన్నదని బాబాయి అంటున్నారు. అత్తయ్య మీద ఆల్బమ్ చేస్తున్నాను, అందులో సంవత్సరం తప్పు రాయడం నాకు ఇష్టం లేదు. మెడ వెనక కంపెనీ లేబుల్, దాని కింద చిన్న పట్టీ మీద 65% డాక్రాన్ పాలియెస్టర్, 35% కాటన్ అని ఉంది. ఆర్.ఎన్. అని ఒక నంబరు, 35 వేల పైచిలుకు. పక్క కుట్టులో గుండ్రటి ముద్రతో ఇంకో లేబుల్. ఎలా ఉతకాలో ఎక్కడా రాసిలేదు. కాలరేమో మన లేసు అల్లికే.

జవాబు (భీమవరం నుంచి):
ఆర్.ఎన్. నంబరు నెట్‌లో వెతకండి, కంపెనీ వివరాలు వస్తాయి. గౌను సంవత్సరం కూడా అదే అయ్యుండాలి.

జవాబు (అమలాపురం నుంచి):
భీమవరం వారు చెప్పినట్టు కంపెనీ దొరుకుతుంది కానీ, సంవత్సరం దొరకదండీ. ఆ నంబరు అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కంపెనీకి ఇచ్చేది. ఒకసారి తీసుకున్న నంబరునే ఏళ్ల తరబడి కుడుతూ పోతారు. గౌను ఆ నంబరు కంటే పాతది అయ్యుండదు, అంతవరకే. 13670 నుంచి మొదలయ్యే నంబర్లు 1959 నుంచి ఇచ్చినవి. కాబట్టి 1958 అన్న మాట ఇక్కడే వీగిపోయింది.

ఆ శాతాలు ఇంకా గట్టి ఆధారం. బట్టలో ఏ రకం దారం ఎంతుందో లేబుల్ మీద రాయాలని అమెరికాలో 1958లో చట్టం చేశారు, 1960 మార్చి నుంచి అమలైంది. అంతకుముందు కొందరు దారం పేరు వేసినా, ఇలా లెక్కగా శాతాలు కనిపించడం అరుదు.

ఇక ఉతికే సూచనలు. 1972 జులై నుంచి అవి ఊడిపోని లేబుల్ మీద ఉండాలన్న నియమం వచ్చింది. అవి లేవు కాబట్టి అంతకు ముందుదే అనాలనిపిస్తుంది, కానీ తొందరపడకండి. మెడకు గుచ్చుకుంటోందని లేబుళ్లు కత్తిరించేసేవాళ్లు చాలామంది ఉంటారు. గౌను తిరగేసి, మెడ దగ్గరా పక్క కుట్టుల్లోనూ వేలితో తడుముతూ చూడండి. లేబుల్ కత్తిరించేసి ఉంటే కుట్టులో సన్నటి గుడ్డ అంచు మిగిలిపోతుంది. విప్పేసి ఉంటే సూది రంధ్రాలు వరసగా కనబడతాయి, అక్కడ రంగు కూడా వెలిసిపోకుండా కాస్త ముదురుగా ఉంటుంది.

గుండ్రటి ముద్ర ఆడవాళ్ల దుస్తులు కుట్టే కార్మికుల యూనియన్‌ది అయ్యుంటుంది. ఎ.ఎఫ్.ఎల్.-సి.ఐ.ఓ. అన్న అక్షరాలుంటే 1955 డిసెంబరు తర్వాతది, ఎందుకంటే ఆ పేర్లున్న రెండు అమెరికా కార్మిక సమాఖ్యలు కలిసింది అప్పుడే. ఎరుపు, తెలుపు, నీలం మూడు రంగుల్లో ఉంటే 1974 తర్వాతది. 1995లో ఆ యూనియన్ ఇంకోదానితో కలిసిపోయింది, కాబట్టి ఆ ముద్ర అంతకు ముందుదే. ఏ రంగో చూసి చెప్పండి.

కాలర్‌ని మాత్రం ఈ లెక్కలోకి తేవద్దు. మీ ఊళ్లో లేసు పని మిషనరీల కాలం నుంచీ ఉంది, అల్లిక చూసి ఏడాది చెప్పలేం. చేత్తో కుట్టి ఉంటే ఊరికి వచ్చాక వేసుకున్నదేమో కూడా.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. ఎ.ఎఫ్.ఎల్.-సి.ఐ.ఓ. అక్షరాలున్నాయి, ముద్ర ఒకే రంగు. కుట్టులన్నీ వెతికాను, గుడ్డ ముక్కా లేదు, రంధ్రాలూ లేవు. కాలర్ చేతికుట్టే, దారం రంగు కూడా వేరు.

జవాబు (అమలాపురం నుంచి):
అయితే 1960 మార్చికీ 1972 మధ్యకీ నడుమ కుట్టిన గౌను. బాబాయిగారి మాట నిజమయ్యే వీలుంది, కానీ రుజువు కాలేదు. అత్తయ్యగారి పాత పాస్‌పోర్టు ఉంటే, అమెరికాలో మొదటిసారి దిగిన ముద్ర చూడండి. అక్కడే కొన్నారని ఖాయమైతే ఆ తేదీకి ముందు ఏళ్లన్నీ కొట్టేయొచ్చు.

ఒక్క మాట, లేబుళ్లు విప్పకండి. ఉన్నచోటే ఫోటో తీయండి. గౌను మళ్లీ ఆ ట్రంకులో నేరుగా పెట్టొద్దు. మన డెల్టా తేమకి ఇనుము తుప్పు పట్టి మరక దిగుతుంది, ఇక అది వదలదు. ప్లాస్టిక్ కవరూ వద్దు, ఉతికిన తెల్ల పంచెలో చుట్టండి.

ఇంకొకరు (రాజమండ్రి నుంచి):
మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. మా అమ్మగారి పెళ్లి పట్టుచీర పెట్టె మీద షాపు పేరు, ధర ఉన్నాయి. వాటితోనూ ఇలాగే తెలుసుకోవచ్చా?

జవాబు (అమలాపురం నుంచి):
తప్పకుండా. షాపు అడ్రసులో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాత అచ్చయిన పెట్టె. ధర అణాల్లో ఉంటే పాత లెక్క. నయా పైసలని ఉంటే 1957 ఏప్రిల్ తర్వాతది, 1964లో ఆ ‘నయా’ తీసేశారు. అయితే ఇవన్నీ పెట్టె వయసు చెప్తాయి. చీర ఆ పెట్టెలోదేనని ముందు అమ్మగారిని అడిగి రూఢి చేసుకోండి.