వారంటీ కింద రెండుసార్లు వెనక్కి పంపినా ఆల్టర్నేటర్ లోపం పోలేదు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న (వర్క్‌షాపు నిర్వాహకుడు):
అందరికీ నమస్కారం. ఐదు నెలల కిందట మా వర్క్‌షాపులో ఒక కస్టమరు కారుకు కొత్త ఆల్టర్నేటర్ (ఇంజిను తిరిగేటప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీని చార్జ్ చేసే భాగం) బిగించాము. దానికి ఏడాది వారంటీ ఉంది. రెండు నెలలకే బ్యాటరీ లైటు వెలగడం మొదలైంది. విప్పి సరఫరాదారుకు పంపితే, మూడు వారాల తరువాత ‘పరీక్షించాము, లోపం లేదు’ అన్న చీటీతో తిరిగి వచ్చింది. రెండోసారి పంపినప్పుడు దాని వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మార్చామన్నారు. ఇప్పుడు ఇంజిను చల్లగా ఉన్నంతసేపు 14.2 వోల్టులు ఇస్తున్న ఆ ఆల్టర్నేటర్, హెడ్‌లైట్లూ ఏసీ వేసి నలభై నిమిషాలు నడిపేసరికి 12.3కు పడిపోతోంది. పక్కనే మల్టీమీటర్ పెట్టుకుని స్వయంగా చూశాను. మూడోసారి మరమ్మతుకు పంపాలా, కొత్తది ఇమ్మని పట్టుబట్టాలా? ఇన్నిసార్లు విప్పి బిగించిన కూలి ఎవరు భరించాలి? కస్టమరు మమ్మల్ని నమ్మి ఓపిక పడుతున్నారు కాబట్టి ఈ విషయం నన్ను చాలా బాధిస్తోంది.

సమాధానం (ఆటో ఎలక్ట్రీషియన్):
మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి ఇది వేడెక్కాక బయటపడే లోపమని నా అభిప్రాయం. బెంచి మీద చల్లగా ఉన్న భాగాన్ని కొద్ది నిమిషాలు తిప్పి చూస్తే ఇలాంటి లోపం దొరకదు. అయితే పంపే ముందు ఒక పరీక్ష తప్పక చేయండి. లోడు మీద, అంటే లైట్లూ ఏసీ వేసి, ఇంజిను వేడిగా ఉన్నప్పుడే, ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య వోల్టేజి కొలవండి. అది 0.2 వోల్టులు దాటితే తప్పు ఎర్త్ వైరులో ఉండవచ్చు. పాజిటివ్ వైపూ అలాగే చూడండి, బెల్టు జారడం లేదని నిర్ధారించుకోండి. అప్పుడే నమ్మకంగా వాదించగలరు.

సమాధానం (విడిభాగాల క్లెయిములు చూసే ఉద్యోగి):
పై సలహాతో ఏకీభవిస్తున్నాను. క్లెయిము గెలవడం, ఓడడం చాలావరకు భాగాన్ని విప్పిన రోజునే తేలిపోతుంది. ‘పనిచేయడం లేదు’ అని రాసి పంపిన చీటీతో పరీక్షించేవారికి దారి దొరకదు, ‘చల్లగా 14.2, నలభై నిమిషాల తరువాత లోడు మీద 12.3’ అని రాసి, కిలోమీటర్ల రీడింగు, బిగించిన తేదీ, బిల్లు, జాబ్ కార్డు నకళ్లు, మీటరు ఫోటోలు జతచేస్తే వారు వేడి మీద పరీక్షించక తప్పదు. కారు నుంచి తీసిన భాగాన్ని మీరు తెరిచి చూడకండి, తెరిచిన భాగాన్ని తిరస్కరించడం వారికి తేలిక. మరమ్మతా, మార్పిడా, డబ్బు వాపసా అన్నది వారంటీ షరతుల్లోనే ఉంటుంది, కూలి సంగతీ అంతే. చాలా వారంటీలు భాగానికే పరిమితమవుతాయి. అయినా రెండు ప్రయత్నాలు విఫలమయ్యాయి కాబట్టి మార్పిడినీ కూలినీ రాతపూర్వకంగా అడగడం న్యాయమే. వాహన తయారీ కంపెనీలకు భాగాలు చేసేవారు పాటించే ఐఏటీఎఫ్ 16949 ప్రమాణం, ‘లోపం కనబడలేదు’ అని తిరిగొచ్చే భాగాల విశ్లేషణకూ ఒక పద్ధతి ఉండాలంటుంది. మీ భాగం తయారీదారుకు ఆ ధ్రువీకరణ ఉంటే ఉత్తరంలో ప్రస్తావించండి.

ఇంకొక మాట. పంపిన భాగమే తిరిగి వచ్చిందా? సీరియల్ నంబరు సరిచూశారా?

ప్రశ్న అడిగినవారు:
ఎర్త్ వైపు 0.05 వోల్టులే ఉంది, పాజిటివ్ వైపూ లోపం లేదు, బెల్టు బిగువుగానే ఉంది. సీరియల్ నంబరును జాబ్ కార్డులో రాయనే లేదు. కానీ మొదట బిగించినప్పుడు తీసిన ఫోటోలో లేబుల్ స్పష్టంగా కనబడుతోంది, ఇప్పుడున్న దాని నంబరు వేరు.

సమాధానం (విడిభాగాల క్లెయిములు చూసే ఉద్యోగి):
అయితే ఆ ఫోటోనే మీ మొదటి ఆధారం. మీ కొత్త ఆల్టర్నేటర్‌కు బదులు వేరొకటి, బహుశా బాగుచేసిన పాతది, వచ్చి ఉండవచ్చు. ఇక మరమ్మతు అడగకండి. రెండు నంబర్లూ పక్కపక్కన చూపించి, కొత్తది గానీ పూర్తి వాపసు గానీ ఇవ్వమని గడువు తేదీ పెట్టి రాయండి, జవాబు వచ్చేదాకా ఈ భాగాన్ని చేజార్చుకోకండి.